యుద్ధఖైదీ పారిపోయి మళ్ళీ దొరికితే శిక్ష ఏమిటి? కరాచీ జైల్లోని మత్స్యకారులకూ అదే వర్తిస్తుందా?

ఉప్పుగాలి (ప్రశ్న):
1971 యుద్ధంలో పాకిస్తాన్‌కు చిక్కి, 1972 ఆగస్టులో రావల్పిండి శిబిరం నుంచి తప్పించుకున్న మన వైమానిక దళ పైలట్లు దిలీప్ పరుల్కర్, గ్రెవాల్, హరీష్ సిన్హ్‌జీ అఫ్ఘాన్ సరిహద్దు దగ్గర పట్టుబడ్డారు. అయినా అదే ఏడాది డిసెంబరులో వాఘా దాటి ఇంటికొచ్చారు. పారిపోవడం నేరం కాదా? 2018 నవంబరులో సముద్రంలో వేటాడుతూ పాకిస్తాన్‌కు పట్టుబడిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లాంటి వాళ్ళు ఆ పని చేస్తే ఏమవుతుంది?

పాతపటం:
యుద్ధఖైదీ పారిపోవడం నేరం కాదండీ, క్రమశిక్షణ తప్పడం మాత్రమే. 1949 మూడో జెనీవా ఒప్పందం 92వ అధికరణం ప్రకారం ఎన్నిసార్లు ప్రయత్నించినా క్రమశిక్షణ చర్యే తీసుకోవాలి. 90వ అధికరణం ప్రకారం అది 30 రోజులు మించకూడదు. పారిపోవడానికే మామూలు బట్టలు వేసుకున్నా, దొంగ కాగితాలు చేసుకున్నా 93వ అధికరణం కాపాడుతుంది. మనిషిని గాయపరిస్తే మాత్రం ఆ రక్షణ పోతుంది. కాపలావాళ్ళు కాల్చడం చిట్టచివరి మార్గం, అదీ ముందు హెచ్చరించాకే (42). సొంత సైన్యాన్ని చేరితే, లేదా శత్రుదేశపు నేల దాటితే తప్పించుకున్నట్టే లెక్క. ఆ తర్వాత మరోసారి బందీగా చిక్కినా పాత పారిపోవడానికి శిక్ష లేదు (91).

రావల్పిండి సంగతి ఇంకొంచెం చెప్పాలి. గది గోడ ఇటుకలు ఊడదీశారు, బయటి ప్లాస్టర్ పొరను ఆఖరి రాత్రి దాకా అలాగే ఉంచారు. కుట్టుసూదిని అయస్కాంతంగా మార్చి, టిచ్ బటన్ మీద తిరిగేలా అమర్చి దిక్సూచి చేసుకున్నారు. భారత సరిహద్దు వైపే వెతుకుతారని పడమటికి, అఫ్ఘాన్ సరిహద్దు వైపు బయల్దేరారు. పెషావర్, జమ్రూద్ మీదుగా లండీ కోతల్ దాకా బస్సుల్లో వెళ్ళగలిగారు. అక్కడి నుంచి సరిహద్దు కొద్ది కిలోమీటర్లే. దెబ్బ తగిలింది పటం దగ్గర. అందులో ఉన్న లండీ ఖానాకు దారి అడిగారు. ఆ రైల్వేస్టేషన్ 1932లోనే మూతపడింది. ఎవరూ వెళ్ళని చోటికి దారి అడిగేసరికి స్థానికులకు అనుమానం వచ్చింది. గోడ తవ్వడానికి పడ్డ శ్రమంతా పాత పటం మీది ఒక్క పేరుతో పోయింది, తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. పట్టుకున్నది గిరిజన ప్రాంతపు అధికారులు. వాళ్ళకు వీళ్ళు యుద్ధఖైదీలని తెలియదు, గూఢచారులనుకుంటే ప్రాణాలకే ముప్పు. అందుకే శిబిరంతో సంబంధమున్న పాక్ వైమానిక దళ అధికారి ఉస్మాన్ హమీద్‌కు ఫోన్ చేయించారు. తామెవరో తెలిసిన వాడికి కబురు చేరడమే వాళ్ళను కాపాడింది.

భావనపాడు:
మత్స్యకారుల విషయం పూర్తిగా వేరు, ఇందులో పొరపడితే ప్రమాదం. వాళ్ళు యుద్ధఖైదీలు కారు, కాబట్టి పైన చెప్పిన ఏ అధికరణమూ వర్తించదు. జైలు నుంచి పారిపోతే అది కొత్త క్రిమినల్ కేసు. పాత శిక్ష పూర్తయినా కొత్త కేసు తేలేదాకా విడుదల ఉండదు. 2025 జూన్‌లో భూప్రకంపనల భయంతో ఖైదీలను బయటికి తెచ్చినప్పుడు, మన మత్స్యకారులను ఉంచే కరాచీ మలీర్ జైలు నుంచి 200 మందికి పైగా పారిపోయారు. స్థానికులకే దాక్కోవడం కష్టమైనచోట భాష, కాగితం, డబ్బు లేని మనవాడు ఎంత దూరం వెళ్తాడు?

చట్టం చూస్తే, ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 73వ అధికరణం ప్రకారం తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా ఉండే ప్రత్యేక ఆర్థిక జలాల్లో (EEZ) చేపల వేట నియమాలు మీరినందుకు, ఇరు దేశాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, జైలు వేయకూడదు. పూచీకత్తు మీద బోటునూ మనుషులనూ త్వరగా వదలాలి. కానీ విదేశీయుల చట్టం కింద అక్రమ ప్రవేశం కేసు కూడా పెడతారు, దాంతో ఆ రక్షణ కాగితం మీదే మిగులుతుంది.

ఉప్పుగాలి:
మరి ఇంటివాళ్ళు చేయగలిగేది?

భావనపాడు:
2008 మే 21న భారత్, పాకిస్తాన్ మధ్య కుదిరిన ఒప్పందమే ఆధారం. అరెస్టయిన మూడు నెలల్లోపు మన రాయబార సిబ్బందిని కలవనివ్వాలి. శిక్ష పూర్తయి, జాతీయత ఖరారైన నెలలోపు పంపేయాలి. ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. ఆచరణలో ఎక్కువగా నలిగేది జాతీయత దగ్గరే. అందుకని ఆధార్, రేషన్ కార్డు, మత్స్యకార గుర్తింపు కార్డు నకళ్ళు, బోటు రిజిస్ట్రేషన్ నంబరు, గుజరాత్ రేవు వేరావల్‌లో ఉండే బోటు యజమాని వివరాలు మొదటి వారంలోనే మత్స్యశాఖకూ కలెక్టర్‌కూ ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మన ఇంటిపేరు ముందు రాస్తాం, అక్కడ తండ్రిపేరు వెనక రాసుకుంటారు. జాబితాలో పేరు వేరుగా పడితే ఎవరో తేలక ఫైలు ఆగిపోతుంది. కాబట్టి తండ్రిపేరుతో సహా రెండు రకాలుగానూ రాసిచ్చి, పుట్టుమచ్చలూ చేర్చండి.

అలా ఫైలు నడిచే 2018లో పట్టుబడ్డవారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దాటి వచ్చారు. బోటు మాత్రం మనుషులతో పాటు రాదు, దానికి యజమాని విడిగా తిరగాల్సిందే.