గీరకుండా పాత వార్నిష్ ఏమిటో పరారుణంతో తేలుతుందా?

గుగ్గిలం:
నా బల్ల మీద ఒక పాత వయొలిన్ ఉంది. పైపూత మసకబారింది, అక్కడక్కడా జిగటగా తగులుతోంది. శుభ్రం చేసేముందు అదేం పూతో తెలియాలి. పరారుణ కాంతిని పూత మీదకు పంపి, తిరిగొచ్చినదాన్ని చదివే చిన్న ఎఫ్‌టీఐఆర్ మెషిన్ ఒకటి రెండు రోజులు అరువు దొరికేలా ఉంది. గీరి శాంపిల్ తీయకుండా దాంతోనే తేల్చేయొచ్చా?

వర్ణపటం:
తేల్చొచ్చు. వస్తువును తాకక్కర్లేదు. లక్క, అదే షెల్లాక్ అయితే తరంగసంఖ్య (సెంటీమీటరులో ఎన్ని తరంగాలో చెప్పే అంకె) 1715, 1735ల దగ్గర పీకులు, అంటే పదార్థం కాంతిని పీల్చుకున్న చోట లేచే శిఖరాలు, జంటగా వస్తాయి. ఎండిన నూనె 1740 చుట్టూ, డామర్ లాంటి చెట్టు గుగ్గిలాలు 1710 దగ్గర. ప్రోటీన్ జిగురుకు 1650, 1550 జోడీ. తర్వాతి కాలపు కృత్రిమ పూత నైట్రోసెల్యులోజ్ అయితే మరీ సులువు: 1650, 1280, 840 మూడూ కలిసే వస్తాయి. అది కనబడిందంటే మీ పైపూత 18వ శతాబ్దానిది కాదు.

చూపరి:
కొలిచేటప్పుడు మెషిన్ మీదకు ఊపిరి వదలకండి. అందులోని నీటి ఆవిరి 1400–1900 మధ్య సన్నటి ముళ్లు వేస్తుంది. ఆ ముళ్లు చూసి ప్రోటీన్ అనుకున్నవాళ్లున్నారు. నేనే.

లక్కపిడత:
వర్ణపటం గారూ, ఆ అంకెలన్నీ కాంతి పదార్థంలోంచి దూరి బయటికొచ్చినప్పటివి. పూతకు తగిలి తిరిగొచ్చినప్పుడు పీకు పీకులా ఉండదు. ఒక పక్క లేచి రెండో పక్క పడిపోయే మెలికలా వస్తుంది. పూతలో సుద్దో జిప్సమో ఉంటే వాటి పెద్ద పీకులు ఏకంగా తలకిందులవుతాయి. కొత్తవాళ్లకు ఇది చెప్పకుండా 1715, 1735 అని వల్లె వేస్తే ఎలా?

వర్ణపటం:
క్రామర్స్–క్రోనిగ్ సవరణ ఉన్నది అందుకే. మెలికను మళ్లీ పీకుగా మారుస్తుంది.

లక్కపిడత:
నున్నటి పూత అయి, కాంతి పైనుంచే తిరిగొస్తే మారుస్తుంది. గరుకుగా, పగుళ్లతో ఉంటే? పలచటి పూతలోంచి చెక్క దాకా పోయి వచ్చిన కాంతి కూడా కలుస్తుంది. 1510 దగ్గర చెక్కలోని లిగ్నిన్ కనబడుతుంది. అప్పుడు మీ సవరణ లేని ఆకారాలు కల్పిస్తుంది.

కొత్తపెన్సిల్:
ఏటీఆర్ పెట్టేయండి, ఈ మెలికల గొడవే ఉండదు.

లక్కపిడత:
ఏటీఆర్ అంటే స్ఫటికాన్ని పూత మీద అదమడం. అది తాకకుండా ఎలా అవుతుంది?

కొత్తపెన్సిల్:
గీరడం లేదుగా.

లక్కపిడత:
మెత్తటి వార్నిష్ మీద గుంట పడుతుంది. గుంట గాటు కాదా?

వర్ణపటం:
ఏటీఆర్ ఊసు నేనసలు ఎత్తలేదు.

లక్కపిడత:
పేరుమోసిన వయొలిన్ తయారీదారు స్ట్రాడివరి పూతల మీద 2009లో వెలువడిన అధ్యయనం చూడండి. ప్యారిస్ సంగీత మ్యూజియంలోని ఐదు వాయిద్యాలు. చెక్కను ఆనుకుని నూనె పొర, దాని మీద నూనె–గుగ్గిలం మిశ్రమం, కొన్నింటిలో ఎర్ర రంగులు. ఇలా పొరపొరా చెప్పగలిగారంటే చిన్న శాంపిల్స్ తీశారు కాబట్టి. పైనుంచి చూస్తే ఏది కిందదో ఏది పైదో ఎలా తెలుస్తుంది?

వర్ణపటం:
మ్యూజియానికి చేతనైంది కదా అని అందరూ బ్లేడు పట్టుకోవాలా? ఒకసారి నా దగ్గరికి వార్నిష్ వేసిన చెక్కపెట్టె వచ్చింది. దాని మీద ఆరు చోట్ల గాట్లు. వచ్చిన ప్రతివాడూ ‘కంటికి కనబడనంతే’ అని తలా ఒక చోట గీరాడు. భూతద్దంలో చూస్తే ఎలకలు కొరికినట్టుంది. మీలాంటివాళ్ల పనే.

లక్కపిడత:
నాలాంటివాళ్లా? అయితే వినండి. నాకొక పాత బీరువా తలుపు ఇచ్చారు. పరారుణ రిపోర్టులో ‘వార్నిష్: లక్క’ అని ఒకే ముక్క. ఆల్కహాల్‌తో తీసేయమని సంతకం పెట్టారు. దూదిపుల్ల తిప్పుతుంటే ముందు నారింజ రంగు వచ్చింది, తర్వాత తేనె రంగు. అక్కడే ఆగాల్సింది, ఆగలేదు. దూది తెల్లగా వచ్చేసరికి చెక్క బయటపడింది. లక్క తర్వాతెవరో పూసింది. కింద ఉన్న అసలు పూత సాండరాక్ అనే చెట్టు గుగ్గిలం, అదీ ఆల్కహాల్‌లో కరిగేదే. ఆ సంగతి దూదిలో మిగిలింది పరీక్షకు పంపితే తెలిసింది. జానెడు మేర పోయింది. తప్పు నా చేతిదన్నారు. రిపోర్టు రాసినవాళ్లని ఒక్కరూ అడగలేదు.

గుగ్గిలం:
అంటే మీ కోపం మెషిన్ మీద కాదన్నమాట.

లక్కపిడత:
అది అబద్ధం చెప్పిందని నేనెప్పుడన్నాను? పైపొర సంగతి పైపొర వరకే చెప్పింది.

వర్ణపటం:
ఇది మొదటే చెబితే అయిపోయేది. నేను రిపోర్టులో ‘కొలిచిన చోట, పైపొరలో’ అనే రాస్తాను. ‘ఇంతకీ ఏం తేలింది’ అని వెనక్కి పంపిస్తారు. వాళ్లకు ఒక్క మాట కావాలి. కానీ నాది ఇంకో ప్రశ్న. ఆ లక్కను అసలెందుకు తీయాలి? అది పూసినవాడూ ఆ తలుపును వాడుకున్నవాడే. అదీ దాని కథలో భాగమే కదా.

లక్కపిడత:
ఆ లక్క నల్లబడి తలుపు మీది బొమ్మల్ని కప్పేసింది. బొమ్మలు వేసినవాడి కథ సంగతేమిటి?

వర్ణపటం:
అక్కడే మనకు కుదరదు. నేనైతే తీయను, కాబట్టి నాకు శాంపిల్ అక్కర్లేదు.

లక్కపిడత:
తీయాల్సిన పని నాది, కాబట్టి నాకు కావాలి. పగులు అంచున, ఎలాగూ ఊడిపోతున్న రవ్వ చాలు.

చూపరి:
గుగ్గిలం గారూ, ముందు చీకటి చేసి యూవీ దీపం వేయండి. నారింజ రంగులో వెలిగితే లక్క ఉందేమోనని అనుమానించొచ్చు. ఎక్కడ కొలవాలో కూడా తెలుస్తుంది.

గుగ్గిలం:
వేశాను. చేయి ఆనే చోట నారింజ. ఫింగర్‌బోర్డు కింద, ఎవరి చేయీ తగలని చోట పసుపు కలిసిన ఆకుపచ్చ. రెండూ ఒకటి కావు. రెండు చోట్లా కొలుస్తాను. అప్పటిదాకా దూది ముట్టుకోను.

లక్కపిడత:
చేయి ఆనే చోట పాలిష్ మైనం కూడా ఉండొచ్చు. 2920, 2850 బాగా లేచి, 720 దగ్గర చీలిక కనబడితే అది మైనమే. దాన్నే వార్నిష్ అనుకోకండి. గుంట కూడా గాటేనని మాత్రం ఇప్పటికీ నా మాట.