ప్రహరీ గోడకి స్టార్ జాస్మిన్: నాటి ఏడాదైనా తీగ పైకి పాకడం లేదు

పెరటిగుమ్మం:
6 మీటర్ల పొడవు, 2 మీటర్ల ఎత్తున్న ప్రహరీని ఏడాదంతా పచ్చగా ఉండే, మంచి వాసనగల తీగతో కప్పాలని ఉంది. ఒక స్టార్ జాస్మిన్ నాటి ఏడాది దాటింది. గోడకి మేకులు కొట్టి నైలాన్ తాడు కట్టి ఉంది, అయినా తీగ మొదట్లోనే గుబురుగా ఉండిపోయింది. గోడ పడమటి వైపు, మధ్యాహ్నం నుంచి ఎండ నేరుగా కొడుతుంది. ఇది తీసేసి వేరే జాతి పెట్టాలా? గోడంతా కప్పాలంటే ఎన్ని మొక్కలు కావాలి?

లతామండపం:
దయచేసి పీకకండి. ఈ మొక్క మొదటి ఏడాది వేళ్ల మీదే బలం పెడుతుంది, రెండో ఏడాది కాస్త కదులుతుంది, మూడో ఏడాది నుంచి గాని ఊపందుకోదు. ఆ తర్వాత 6 నుంచి 9 మీటర్ల దాకా పోగలదు. చాలామంది సరిగ్గా రెండో ఏడాదిలో విసిగిపోయి తీసేస్తారు, అదే నష్టం.

ముందు మొక్క అదేనా అని చూసుకోండి. ఆకు తుంచితే తెల్లని పాలు కారాలి, ఆకులు దళసరిగా, మెరుస్తూ ఎదురెదురుగా ఉండాలి. పువ్వుకి అయిదు రేకులు, గాలిమరలా ఒకే వైపు తిరిగి ఉంటాయి. పేరులో జాస్మిన్ ఉన్నా ఇది మల్లె, జాజుల కుటుంబం కాదు, గన్నేరు కుటుంబం. శాస్త్రనామం ట్రాకెలోస్పెర్మమ్ జాస్మినాయిడిస్. పసుపు గొట్టాల్లాంటి పూలు పూస్తే అది కరోలినా జెస్సమిన్ కావచ్చు. దానిలో ప్రతి భాగమూ విషమే, పిల్లలు తిరిగే చోట వద్దు.

ఇక అసలు విషయం ఆధారం. స్టార్ జాస్మిన్ చుట్టుకుంటూ ఎక్కే తీగ, గోడకి దానంతట అది గట్టిగా అతుక్కోదు. గోడకి ఆనుకున్న తాడు చుట్టూ తిరగడానికి దానికి సందు దొరకదు. పైగా నైలాన్ తాడు ఎండకి పెళుసెక్కి తెగుతుంది, తీగ బరువంతా ఒక్కసారి కిందికి వస్తుంది. తాడు తీసేసి ఇనుప తీగ కట్టండి.

పెరటిగుమ్మం:
కొలతలతో చెప్పగలరా అండీ?

కొలబద్ద:
2.5 నుంచి 3 మిల్లీమీటర్ల మందం జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) తీసుకోండి. నేల నుంచి 40, 75, 110, 145, 180 సెంటీమీటర్ల ఎత్తుల్లో అయిదు అడ్డ వరసలు. వరసకి 6 మీటర్లు, మొత్తం 30 మీటర్లు. చివర్లు మెలి పెట్టడానికి పోతుంది కాబట్టి 35 మీటర్లు తెచ్చుకోండి. ప్రతి మీటరున్నరకి ఒక ఐ బోల్ట్ (తలకి రింగులాంటి కన్ను ఉండే బోల్ట్) చొప్పున వరసకి 5, మొత్తం 25. ప్లగ్గు వేసి బిగించాక బోల్ట్ కన్ను గోడకి 5 సెంటీమీటర్లకి తగ్గకుండా దూరం ఉండాలి, 8 ఉంటే ఇంకా మంచిది. ఆ సందులో గాలి ఆడితే పురుగు తగ్గుతుంది, గోడా చెమ్మగిల్లదు. వరసకి ఒక చివర టర్న్ బకిల్ (తిప్పి బిగించే మర) పెడితే తర్వాత ఇనుప తీగ సాగినప్పుడు బిగించుకోవచ్చు. పూత పెచ్చులూడే గోడైతే బోల్ట్ పూతలో కాదు, లోపల ఇటుకలోకి దిగాలి.

మొక్కలు నాలుగు చాలు. గోడ ఒక చివర నుంచి 75 సెంటీమీటర్లకి మొదటిది, అక్కడి నుంచి మీటరున్నర ఎడంతో మిగతావి. ఇప్పుడున్నది ఈ స్థానాల్లో ఎక్కడో ఒకచోట సరిపోతే కదపకండి, దాన్ని బట్టి మిగతావి సర్దుకోండి.

లతామండపం:
గుంట గోడకి ఆనించి తవ్వొద్దు. గోడ మొదట్లో వాన నీరు పెద్దగా పడదు, మట్టి తొందరగా ఎండిపోతుంది. 35 నుంచి 40 సెంటీమీటర్లు దూరంగా, 45 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు గుంట తీసి, తవ్విన మట్టిలో మూడో వంతు బాగా మాగిన ఎరువు కలపండి. కుండీలో ఎంత లోతులో ఉందో అంతే లోతులో పెట్టి, ఒక కర్రతో గోడవైపు వాల్చండి.

తీగల్ని కిందినుంచే విసనకర్రలా పక్కలకి పరచండి. అందరూ నిలువుగా పైకి పంపేస్తారు, అప్పుడు పైన గుబురెక్కుతుంది, కింద మీటరు మేర బోడి కాడలే మిగులుతాయి. మీ మొక్క గుబురులోంచి పొడవైన తీగల్ని నాలుగైదు విడదీసి, కింది రెండు వరసలకి గుడ్డ పీలికతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. కొస ఇనుప తీగని చుట్టుకోగానే మీ పని తగ్గుతుంది.

పడమటి ఎండ గురించి: వేరు నిలదొక్కుకున్నాక తట్టుకుంటుంది. మొదటి రెండు వేసవులు మాత్రం వేడెక్కిన గోడ సెగకి ఆకుల అంచులు మాడతాయి. మధ్యాహ్నం పూట షేడ్ నెట్ కట్టండి, మొక్క మొదట్లో 5 నుంచి 7 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు పరవండి, కాండానికి మాత్రం తగలనీయకండి. వేలు దించి చూస్తే 5 సెంటీమీటర్ల లోతున పొడిగా ఉంటేనే మొక్కకి 8 నుంచి 10 లీటర్ల నీళ్లు. రోజూ కాసిని చల్లితే వేళ్లు పైపైనే ఉండిపోతాయి.

పెరటిగుమ్మం:
కొత్త ఆకులు పసుపురంగులోకి వస్తున్నాయి. ఎరువు తక్కువైందా?

ఆకుపరీక్ష:
పసుపు ఎక్కడ మొదలైందో చూడండి. లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. పీహెచ్ 7.5 దాటిన క్షార నేలలో, సిమెంటు, సున్నం పెళ్లలు కలిసిన గోడపక్క మట్టిలో ఇది మామూలే. ముందు ఆ పెళ్లలు ఏరెయ్యండి. తర్వాత చీలేటెడ్ ఐరన్ (వేళ్లు పీల్చుకోగల రూపంలో ఉన్న ఇనుము) ప్యాకెట్ మీద రాసిన మోతాదులో వెయ్యండి, క్షార నేలకి ఈడీడీహెచ్‌ఏ రకమే పనిచేస్తుంది. లోపలి ముదురాకులు కొన్ని పండి రాలితే అది సహజం. చలికి ఆకులు ఎరుపు, రాగి రంగు తిరగడమూ జబ్బు కాదు. మొక్కంతా వాడి, మట్టి మాత్రం తడిగా ఉందంటే వేరు కుళ్లు. నీళ్లు ఆపి, నీరు పోయే దారి చూడండి.

పసుపు చూసి యూరియా మాత్రం వెయ్యకండి. నత్రజని ఎక్కువైతే ఆకు దట్టంగా వస్తుంది, పూత పోతుంది.

ఆకుల మీద మసిలాంటి నలుపు కనిపిస్తే ఆకు వెనక, కాడల మీద పొలుసు పురుగుగాని, పిండినల్లిగాని ఉంటుంది. మసి దాని జిగురు మీద పెరిగేదే. తడి గుడ్డతో తుడిచి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టండి. వారానికొకసారి, మూడు సార్లు.

పెరటిగుమ్మం:
కత్తిరింపు ఎప్పుడు?

లతామండపం:
పూలు అయిపోయిన వెంటనే. పాత కాడల నుంచి వచ్చే పక్క చివుళ్ల మీద పూస్తుంది కాబట్టి చలికాలం చివర కత్తిరిస్తే ఆ ఏటి పూత మీ చేత్తోనే పోయినట్టు. మామూలుగా మూడో వంతు వరకు తీయొచ్చు. పాలు చర్మానికి దురద పెడతాయి, కళ్లలో పడితే మంట. తొడుగులు వేసుకోండి, కత్తెరని వెంటనే తుడవండి, ఆరితే జిగురు పట్టేస్తుంది.

మిగతా మూడు మొక్కలూ కొనక్కర్లేదు, తొందర లేకపోతే. నేలకి దగ్గరగా ఉన్న తీగని వంచి, కణుపు దగ్గర కాస్త గీరి, 5 సెంటీమీటర్ల లోతున పూడ్చి, పైన రాయి పెట్టండి. తడి ఆరకుండా చూస్తే కొన్ని నెలల్లో వేరు పోస్తుంది. లాగి చూస్తే గట్టిగా పట్టుకున్నాకే తల్లి మొక్క నుంచి కోయండి.