రాయదుర్గంలో ఉద్యోగం, అద్దె 20,000 లోపు: హైదరాబాద్‌లో ఎక్కడ ఇల్లు చూసుకోవాలి?

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో నేనూ మా అమ్మగారూ విజయనగరం నుంచి హైదరాబాద్‌కు మారుతున్నాం. నా ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషనుకు దగ్గరలోనే ఉంది. మెయింటెనెన్స్‌తో కలిపి నెలకు 20,000 రూపాయలు మించకుండా రెండు పడకగదుల ఇల్లు కావాలి.

కొండాపూర్, గచ్చిబౌలి ఆఫీసుకు దగ్గరే గానీ, ఆ అద్దెకు అక్కడ మాకు చూపించినవన్నీ ఒక్క పడకగది ఇళ్ళే. కూకట్‌పల్లిలో రైతుబజారు ఉండడం అమ్మకు నచ్చింది. అయితే అది మియాపూర్–ఎల్బీనగర్ మార్గంలో ఉన్నందువల్ల నేను రోజూ అమీర్‌పేటలో రైలు మారవలసి వస్తుంది. అందుకే, ప్రయాణం ఎక్కువసేపు పట్టినా మారే పని లేకుండా నేరుగా దిగవచ్చన్న ఆలోచనతో, నాగోల్–రాయదుర్గం మార్గంలోని తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ వైపు మొగ్గుతున్నాను.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు. లిఫ్టు ఉండాలి, లేదా కింది అంతస్తు కావాలి; కరెంటు పోయినప్పుడు లిఫ్టు జనరేటరు మీద నడుస్తుందో లేదో కూడా మాకు ముఖ్యమే. పగలంతా ఆమె ఒంటరిగా ఉంటారు కనుక, పలకరించే ఇరుగుపొరుగు ఉన్న పాత కాలనీ అయితే నాకు నిశ్చింతగా ఉంటుంది.

ఈ మూడు ప్రాంతాల్లో ఎండాకాలం బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీద ఆధారపడే వీధులేవో, ఆ ఖర్చును అద్దెకున్నవారి నుంచి విడిగా వసూలు చేస్తారో లేదో, అక్కడ నివసిస్తున్నవారు దయచేసి తెలియజేయగలరా? ఉదయం ఆఫీసు వేళల్లో తార్నాకలో ఎక్కితే కూర్చోవడానికి చోటు దొరుకుతుందా, లేక నాగోల్ దగ్గరే ఇల్లు చూసుకోవడం మేలా?