చేదు లేని ఉగాది పచ్చడి: పండగ వంటని ఎంతవరకు అమ్ముకోవచ్చు?

వర్తూరు వాసి:
బెంగళూరు తెలుగువాళ్ళకి ఒక ప్రశ్న. మా అపార్ట్‌మెంట్‌లో 300 ఫ్లాట్లు, మూడో వంతు మనవాళ్ళే. మొన్న ఉగాదికి క్లబ్ హౌస్‌లో పంచాంగ శ్రవణం పెట్టారు. పచ్చడి ఖర్చు ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ పెట్టుకుంది. మూత అతికించిన చిన్న ప్లాస్టిక్ కప్పులు, మూత మీద కంపెనీ బొమ్మ, దాని కింద ‘ఉగాది ప్రసాదం’ అని అచ్చు. పోనీలే అనుకుని నోట్లో వేసుకుంటే తియ్యటి మామిడి జ్యూస్‌లా ఉంది. కప్పు తిప్పి చూశాను. బెల్లం, చింతపండు గుజ్జు, మామిడి ముక్కలు, ఉప్పు, కారం, అరటిపండు, జీడిపప్పు. వేపపువ్వు లేదు. కేటరింగ్ అబ్బాయిని అడిగితే, “పోయినేడు వేశాం సార్, పిల్లలు ఉమ్మేశారు, కంప్లైంట్లు వచ్చాయి, తీసేశాం” అన్నాడు.

అప్పట్నుంచి మా వాట్సాప్ గ్రూపు రెండు పార్టీలైంది. పండగ వంటని వ్యాపారం చేయడమే తప్పు అని ఒకళ్ళు. పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు క్యాబ్ ఎక్కేవాళ్ళు ఆరు రుచులు ఎక్కడ కూర్చుకుంటారు అని ఇంకొకళ్ళు. మొదటి మాట నేను పూర్తిగా ఒప్పుకోను. కానీ ఆ కప్పు మాత్రం నాకు గొంతు దిగలేదు. మీరేమంటారు?

గుంటూరు ఘాటు:
వేపపువ్వు లేకపోతే అది పచ్చడి కాదు, పానకం. శ్రీరామనవమికి దాచుకోమనండి.

తిరుపతి ప్యాసింజర్:
నా మట్టుకు విషయం తేలిక. దేవుడికి పెట్టేదాన్ని డబ్బుకి అమ్మకూడదు, అంతే. ఇవాళ వేపపువ్వు తీసేశారు. వినాయక చవితికి చాక్లెట్ మోదకాలు ఎప్పుడో వచ్చేశాయి. రేపు ఉండ్రాళ్ళలో చీజ్ పెడతారు. అడ్డు చెప్పేవాడు లేడు కదా అని మన నమ్మకం మీద మార్కెటింగ్ చేసుకుంటున్నారు. మన ఇంట్లో పిల్లలకి పండగంటే ఆఫర్ అని అర్థమైపోయింది.

గుంటూరు ఘాటు:
తిరుపతి పేరు పెట్టుకుని ఆ మాటంటే ఎలాగండీ? కొండ మీద లడ్డు డబ్బులకే కదా ఇస్తున్నారు. ఇక్కడ వయ్యాలికావల్ టీటీడీ గుళ్ళో లడ్డు కోసం క్యూ కట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. పూరీ జగన్నాథుడి మహాప్రసాదం గుడి ఆవరణలోని ఆనంద బజారులో బేరమాడి మరీ కొనుక్కుంటారు. ఇంకోటి కూడా చెప్పనివ్వండి. పచ్చడిలో మనం వేసే మిరపకాయ పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. అంతకుముందు కారమంటే మిరియాలే. మార్పే పాపమైతే నా పేరు కూడా మార్చుకోవాలి.

తిరుపతి ప్యాసింజర్:
స్వామికి నివేదన అయ్యాక వచ్చిన లడ్డుకి, ఎవరికీ నివేదన కాని కప్పుకి తేడా లేదా? ఆ లడ్డుకి 2009లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు తీసుకున్నదే ఆ పేరుతో ఇంకెవరూ అమ్ముకోకుండా. పేరుకి విలువ ఉందనే కదా.

మల్లేశ్వరం మామ్మ:
ఇద్దరూ కాస్త ఆగండి నాయనా. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చి యాభై ఏళ్ళు దాటింది. ఉగాది పొద్దున పచ్చడి నోట్లో వేసుకునే ముందు మా ఇంట్లో ఒక శ్లోకం చదివేవాళ్ళం. ‘శతాయుర్వజ్రదేహాయ సర్వసంపత్కరాయ చ, సర్వారిష్టవినాశాయ నింబకందళభక్షణం’. నూరేళ్ళ ఆయుష్షుకి, గట్టి ఒంటికి, సంపదకి, అరిష్టాలు పోవడానికి వేప తినమని. చూశారా, మామిడికాయ ఊసు లేదు, బెల్లం ఊసు లేదు. పేరు పెట్టి చెప్పింది ఒక్క వేపనే. ఇక్కడి కన్నడంవాళ్ళయితే పచ్చడి జోలికే పోరు, బేవు-బెల్ల అని వేపా బెల్లమూ చేతిలో పెడతారు. మా పక్కింటివాళ్ళు ఇచ్చిన మొదటి ఉగాదికి నేను నీళ్ళ కోసం పరిగెత్తాను. అంటే ఆ కంపెనీవాడు దేన్ని తినమన్నారో దాన్నే తీసి పారేసి, మిగిలిందానికి ప్రసాదం అని పేరు పెట్టాడన్నమాట. నా కోపం డబ్బు మీద కాదు.

డబ్బు సంగతా? మా అత్తగారింట్లో పండగలకి మడి కట్టుకుని వంట చేసింది జీతానికి వచ్చే వంటావిడ. పాపం, తెల్లవారుజామున నాలుగింటికి తడిబట్టతో వచ్చేది. అందరూ తిన్నాక మూడింటికి ఆవిడ విస్తరి వేసుకునేది. అప్పుడెవరూ దాన్ని వ్యాపారం అనలేదు.

బొబ్బట్ల బండి:
మామ్మగారికి నమస్కారం. నేను ఆ వ్యాపారంలోనే ఉన్నాను కాబట్టి చెప్తాను. మారతహళ్ళిలో ఇంట్లోనే బొబ్బట్లు చేసి అమ్ముతాను, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉంది. ఉగాదికి ముందు రెండు రోజుల్లో 400 దాకా పోతాయి. తోపు పిండి ముందురోజు రాత్రే కలిపి నూనెలో నానబెట్టాలి, లేకపోతే సాగదు, పూర్ణం బయటికొచ్చేస్తుంది. నాకు సాయం ఇద్దరు. ముగ్గురికీ పండగ రోజు నిలబడి ఉండటమే.

నా దగ్గర ఒక లెక్క ఉంది. నైవేద్యానికి చేసేది రుచి చూడకూడదు. అమ్మే సరుకు రుచి చూడకుండా పంపకూడదు, తీపి తక్కువైతే రేపటి నుంచి ఎవరూ ఫోన్ చేయరు. ఈ రెండూ ఒకే వాయిలో కుదరవు. అందుకే నా డబ్బా మీద బొబ్బట్లు అని మాత్రమే ఉంటుంది. ఎవరైనా నైవేద్యానికి కావాలని ముందే చెబితే, పొద్దున స్నానం చేసి మొదటి వాయి విడిగా, నాలుక మీద పెట్టకుండా చేసిస్తాను. ధర అదే. ఉప్పో తీపో అటూ ఇటూ అయితే నన్ననొద్దని కూడా చెప్తాను.

ఇక మడి గురించి ఒక్క మాట. ఆర్డర్లతో పాటు వచ్చే మెసేజ్‌ల్లో ‘మీరేమిట్లు?’ అని, అంటే ఏ కులమని కూడా ఉంటుంది. ‘మేం బొబ్బట్లు’ అని జవాబు పెడతాను. సగం మంది మళ్ళీ మాట్లాడరు. నమ్మకాలకి గౌరవం అంటున్నారు కదా, ఇదీ ఆ లెక్కలోకే వస్తుందా అని అడుగుతున్నాను.

అనంతపురం అల్లుడు:
అక్కా, మా వైపు వాటిని ఓళిగలు అంటారు. బొబ్బట్లు అంటే మా అత్త ఒప్పుకోదు. ఈ ఊళ్ళో హోళిగె బోర్డు చూస్తే నాకు సొంతూరికి వచ్చినట్టుంటుంది.

నాకు కడుపు మండేది వేరే. కొట్లో ఓళిగ దొరుకుతుంది, చారు దొరకదు. పప్పు ఉడికించి వార్చిన కట్టుతో, కాస్త పూర్ణం కలిపి, చింతపండు పోసి కాచే చారు. పండగ మధ్యాహ్నం అంటే నాకు ఆ వాసనే. ఇక్కడివాళ్ళు ఒబ్బట్టు సారు అంటారు, వాళ్ళకీ ప్రాణమే. కొనుక్కోవడం మొదలుపెట్టాక మా ఇంట్లో నాలుగేళ్ళుగా ఆ చారు లేదు. మా పిల్లకి దాని పేరు కూడా తెలియదు. దీనికి ఏ కంపెనీ మీద పడి ఏడవాలి?

గుంటూరు ఘాటు:
మీరు చేయండి బావా. పప్పు ఉడకబెట్టడానికి అత్తగారి పర్మిషన్ అక్కర్లేదు.

హెచ్ఎస్ఆర్ సెక్టార్ 2:
అసలు ప్రశ్నకి వద్దాం. ‘అమ్మొచ్చా’ అన్న దగ్గర కొట్టుకుంటే తెల్లారదు. ‘ఏ పేరుతో అమ్ముతున్నారు’ అనేదాని మీద చట్టానికి కూడా పట్టింపు ఉంది. 2024 జనవరిలో అయోధ్య ప్రాణప్రతిష్ఠకి ముందు అమెజాన్‌లో ‘శ్రీరామ మందిర్ అయోధ్య ప్రసాద్’ అనే పేరుతో మిఠాయిలు అమ్మకానికి కనిపించాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, సీసీపీఏ, ఆ కంపెనీకి నోటీసు ఇచ్చింది. మిఠాయి అమ్మినందుకు కాదు, లేని గుణం ఉన్నట్టు చూపించి కొనేవాళ్ళని తప్పుదారి పట్టిస్తున్నారని. జీఎస్టీలో కూడా గుళ్ళో ఇచ్చే ప్రసాదానికి పన్ను లేదు, మిఠాయి కొట్టు లడ్డుకి 5 శాతం ఉంది. వర్తూరు వాసి గారి కప్పులో తప్పు నాకు కనిపించేది ‘ప్రసాదం’ అన్న ఒక్క మాటలోనే. ‘ఉగాది స్పెషల్ మామిడి జ్యూస్’ అని రాసుంటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

తిరుపతి ప్యాసింజర్:
అది మీ లాయరు లెక్క. పేరు మారిస్తే సరిపోతుందంటే, పండగ పేరు చెప్పి గిరాకీ తెచ్చుకోవడం మాత్రం ఆగదు కదా?

మల్లేశ్వరం మామ్మ:
ఆగక్కర్లేదు నాయనా. కార్తీకం చివరి సోమవారం ఎప్పుడైనా బసవనగుడి వెళ్ళావా? కడలెకాయి పరిషె, అంటే వేరుశనగ తిరునాళ్ళు. రైతులు కొత్త పంట వేరుశనగ తెచ్చి పెద్ద బసవన్నకి పెడతారు, మెట్ల దగ్గర నుంచి రోడ్డు పొడుగునా కుప్పలు పోసి అమ్ముతారు. పూర్వం బసవడు పైరు మేసేవాడట, పరిషె పెట్టి కాయ పెడతామని మొక్కుకున్నారట. అది మొక్కూ, సంతా కూడా. వేరుశనగ కూడా మన పైరు కాదు, సముద్రాలు దాటి వచ్చిందే. ఆ రోజు నేనూ కొలత దగ్గర పోట్లాడతాను. కానీ అక్కడ ఏ రైతూ గంప మీద ప్రసాదం అని రాయడు. బసవన్న ముందు పెట్టింది వేరు, కొలిచి ఇచ్చేది వేరు.

బొబ్బట్ల గారి ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. నేను చెప్తాను. మా ఇంట్లో ఆ వంటావిడ్ని కూడా ఏమిట్లో తెలుసుకున్నాకే గడప దాటనిచ్చారు. అది భక్తి అనుకున్నాను అప్పట్లో. ఇప్పుడు అనుకోవడం లేదు. మా తోడికోడలు ఇంకా అనుకుంటుంది, మేమిద్దరం ఆ విషయం ఎత్తుకోం.

వర్తూరు వాసి:
అందరికీ థ్యాంక్స్. ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌లో రెండే అడుగుతాను. స్పాన్సర్ బోర్డు గేటు దగ్గర పెట్టుకోండి, కప్పు మీద ప్రసాదం అనే మాట వద్దు. వేపపువ్వు విడిగా గిన్నెలో పెట్టండి, వేసుకునేవాళ్ళు వేసుకుంటారు. ట్రెజరర్ గారు ఇప్పటికే ఫోన్ చేశారు. కప్పు మీద కంపెనీ పేరు లేకపోతే స్పాన్సర్ రాడట, ఫ్లాటుకి యాభై రూపాయలు వేయాలట.

తిరుపతి ప్యాసింజర్:
గిన్నెలో విడిగా పెడితే అదొక ఆప్షన్ అయిపోతుంది. పిజ్జా మీద చిల్లీ ఫ్లేక్స్ లాగా. నేను ఒప్పుకోను. యాభై రూపాయలు మాత్రం వేయండి.

అనంతపురం అల్లుడు:
బొబ్బట్ల అక్కా, నిజంగా అడుగుతున్నా. ఆ కట్టు సీసాలో పోసి అమ్మొచ్చు కదా? నేనే మొదటి గిరాకీ.

బొబ్బట్ల బండి:
అమ్మలేనండీ. సాయంత్రానికే పులుస్తుంది, సీసాలో ఇంకా తొందరగా. పండగ పూట గిన్నె తీసుకుని పొద్దున పదింటిలోపు వస్తే పోసిస్తాను. డబ్బులు వద్దు. పూర్ణం మాత్రం మీరే తెచ్చుకోవాలి.