“కలడో లేడో” చివర ఉన్న ‘ఓ’ గురించి

గుంటూరు: పోతన భాగవతం గజేంద్రమోక్షంలో, మొసలి పట్టిన ఏనుగు గజేంద్రుడు అనే “కలడందురు దీనుల యెడ” పద్యం మూడో పాదంలో “అన్ని దిశలను” అనా, “అన్ని దిశలన్” అనా? గణాలకు రెండూ సరిపోతున్నాయి. పాత ముద్రణ దగ్గరున్నవారు చూసి చెప్పగలరా?

జనగామ: మేం “దిశలను” అనే చదువుకున్నాం. నన్ను పట్టి పీడించేది మాత్రం చివరి ‘ఓ’. “కలడో లేడో” అనడం సందేహమా, నిష్ఠూరమా?

విజయనగరం: ఇది కందపద్యం, నాలుగో పాదం గురువుతో, అంటే రెండు మాత్రల అక్షరంతో, ముగియాలి కదండీ. అందుకే దీర్ఘం.

జనగామ: గురువే కావాలంటే “కలడా లేడా” అన్నా సరిపోతుంది, యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం కలవడం) కూడా చెడదు. ‘ఆ’ అంటే ఎదుటివాడిని అడగడం. ‘ఓ’ అంటే తనలో తాను అనుకోవడం. మొసలి పట్టిన ఏనుగుకు జవాబు చెప్పగలవారు ఆ మడుగు దగ్గర ఎవరున్నారు?

హ్యూస్టన్: నాది నిష్ఠూరం పక్షం. “అందురు” మూడుసార్లు వచ్చింది చూడండి. అందరూ ఉన్నాడంటున్నారు, మరి నాకేడీ అని. నమ్మనివాడు ఇలా అలగడు. సంస్కృత భాగవతంలో గజేంద్రుడు పూర్వజన్మలో నేర్చిన స్తోత్రం జపిస్తాడు, ఈ ఊగిసలాట అక్కడ కనిపించదు. పోతన గజేంద్రుడు మన ఇంటిమనిషి.

విజయనగరం: ఉత్త అలకే అయితే వెంటనే వచ్చే సీసంలో “కలుగడే నాపాలి కలిమి సందేహింప” అని ఎందుకంటాడు?

తెనాలి: మా నాన్నగారు ఐసీయూలో ఉన్న రాత్రి నా నోట వచ్చింది గజేంద్రుడి “లావొక్కింతయు లేదు” శార్దూలం. ధైర్యం పోయింది, మూర్ఛ వచ్చింది అని వరసగా చెప్పుకుని “నీవే తప్ప” దగ్గరికి వచ్చాకే నాకు ఊపిరాడింది. అన్నట్టు, కొందరు “తనువున్ దస్సెన్” అని రాస్తున్నారు. అది “డస్సెన్” (అలసింది). ఆ పాదం మొదట ఉన్న ‘ఠావుల్’కు యతి కుదరాలి.

జనగామ: యతి మాట నిజం. ఇంకోటి గమనించారా? కందంలో దేవుడు ‘వాడు’, ఈ శార్దూలంలో ‘నీవు’. ఒంట్లో సత్తువ మొత్తం పోయాకే పిలుపు నేరుగా ఆయనకు వెళ్లింది. నాకు ధైర్యం ఇచ్చేది ఆ మార్పే.

విజయనగరం: ‘నీవు’ అన్నాక సందేహం పోయిందనుకోకండి. తర్వాతి కందం చూడండి: “వినుదట జీవుల మాటలు”. చివర “సందేహమయ్యె గరుణావార్ధీ”!

హ్యూస్టన్: ఆ సందేహాన్ని “కరుణావార్ధీ”, దయాసముద్రుడా అని పిలిచి ఆయనకే చెప్పుకుంటున్నాడు కదా. నేను మొదటి నుంచీ అంటున్నది అదే.

తెనాలి: అదే కందంలో “శరణార్థుల కో యనుదట” ఉంది. అమ్మా అంటే ‘ఓ’ అని పలికినట్టు, శరణన్నవాళ్లకు ఆయన ‘ఓ’ అంటాడట! ఆ ‘ఓ’ కూడా పాదం చివరే, గురువు స్థానంలోనే.

విజయనగరం: అది పలికే ‘ఓ’, ఇది సందేహార్థకం. వ్యాకరణంలో రెండింటికీ చుట్టరికం లేదు.

జనగామ: వ్యాకరణంలో లేకపోవచ్చు. ఒకే ఏనుగు నోట, నాలుగైదు పద్యాల తేడాలో, రెండుచోట్లా పాదం చివరే పెట్టింది మాత్రం పోతన.