గలిజేరు, అటికమామిడి: తేడా గుర్తుపట్టడం ఎలా?

ప్రశ్న (కావలి నుంచి):
ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక మా పెరటి ఇసుక నేలలో నేలబారున పాకే మొక్కలు రెండు రకాలు పక్కపక్కనే మొలిచాయి. రెండింటి ఆకులూ గుండ్రంగా, జంటలో ఒకటి పెద్దదిగా మరొకటి చిన్నదిగా ఉన్నాయి. కాడలు కూడా ఎర్రజీరతోనే ఉన్నాయి. మా అత్తగారు రెండింటినీ గలిజేరనే అంటారు. కొంతకాలంగా పాదాలు వాస్తున్నందున, తెలిసినవారి మాట మీద ఆవిడ ఈ ఆకు రసం తాగాలనుకుంటున్నారు. వీటిలో కూరకు వాడేది ఏది, ఆయుర్వేదంలో వాపులకు మందుగా వాడే పునర్నవ ఏది, దయచేసి వివరించగలరు.

జవాబు (ఒంగోలు నుంచి):
మీరు చెప్పిన పోలికలను బట్టి ఒకటి గలిజేరు, రెండవది అటికమామిడి అయి ఉండాలి. అటికమామిడినే కొందరు ఎర్ర గలిజేరు అంటారు కాబట్టి పేరును నమ్ముకుంటే తికమక తీరదు. పువ్వు దగ్గరే తేల్చుకోవాలి. గలిజేరు ఆకు తొడిమను మెల్లగా వంచి చూడండి. దాని అడుగు భాగం పలుచని పొరలా వెడల్పై కాడను పట్టుకుని ఉంటుంది. ఆ చిన్న సంచిలోనే తెల్లని లేదా లేత గులాబీ రంగు పువ్వు ఒక్కటే సగం దాగి ఉంటుంది. అక్కడే కాయ కట్టి, మూత ఊడి, నల్లని గింజలు రాలుతాయి. అటికమామిడి పూలు అలా దాక్కోవు. సన్నని పొడవైన కాడలు కొమ్మలుగా చీలి, వాటి చివర ఆవగింజంత ముదురు గులాబీ పూలు గుత్తులుగా పూస్తాయి. ఐదు గీతలున్న దాని జిగురు కాయ చీర అంచుకు తగిలితే అంటుకొని వస్తుంది.

ఆయుర్వేదంలో పునర్నవగా ప్రసిద్ధమైనది ఈ అటికమామిడే. ఎండలకు పైభాగం వాడిపోయినా, లోతుకు దిగిన లావుపాటి వేరు నుంచి వాన పడగానే మళ్ళీ చిగురిస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. వాపులకు వాడే పునర్నవాది మండూరం, పునర్నవాసవం అనే ఆయుర్వేద మందుల్లో ఇదే ముఖ్యం.

జవాబు (కనిగిరి నుంచి):
మా కంది చేలలో గలిజేరు కలుపుగా విపరీతంగా వస్తుంది. లేత చిగుళ్ళను మాత్రమే కోసి, ఉడికించి, నీళ్ళు వంచేసి, పెసరపప్పులో వేసుకుంటాము. ఆ నీళ్ళు వంచడం మా నాయనమ్మ ఏనాడూ మానలేదు. అది సరైన పనే, ఎందుకంటే ఈ ఆకులో ఆక్సలేట్లు (మూత్రపిండాల్లో రాళ్ళు ఏర్పడటానికి తోడ్పడే లవణాలు) ఎక్కువ. మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు దీని పచ్చిరసం జోలికి పోకూడదు. పాయలాకును కూడా గలిజేరని పొరబడేవారున్నారు గానీ, దాని పువ్వు పసుపుపచ్చగా ఉంటుంది.

అటికమామిడి అయినా సరే, మీ అత్తగారికి ఇప్పుడే ఇవ్వకండి. పాదాల వాపు గుండె జబ్బు వల్లనో, మూత్రపిండాల జబ్బు వల్లనో రావచ్చు. ఆ మొక్కలో పొటాషియం లవణాలు ఉంటాయి. మూత్రపిండాలు బలహీనపడినవారికి అవి ప్రమాదం. ముందుగా రక్త, మూత్ర పరీక్షలు చేయించండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం బావిగట్టు పక్కన ఉన్న మొక్కను ముట్టుకోగానే జిగురు కాయలు వేళ్ళకు అంటుకున్నాయి; పీకబోతే కాడ తెగిందే తప్ప వేరు కదలలేదు. తులసికోట దగ్గరిది గలిజేరే, తొడిమ సంచిలో తెల్లని పువ్వు కనిపించింది. అత్తగారిని సోమవారం వైద్యుని దగ్గరకు తీసుకువెళ్తున్నాము. అప్పటిదాకా రసం తాగనని ఆవిడ ఒప్పుకున్నారు.