అప్‌డేట్: చెరువు పక్క డంపింగ్ యార్డు సంగతి

వరంగల్ దగ్గర మా ఊరి చెరువు పక్కనే మున్సిపాలిటీ చెత్త పోస్తోంది, ఎట్లా ఆపించాలని పోయిన వానాకాలం ఇక్కడ అడిగాను. ఆర్టీఐ పెట్టమన్న వాళ్లందరికీ దండాలు. అదే పనిచేసింది.

రెండే ప్రశ్నలు పెట్టాం: కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉందా, చెరువుకు దూరమెంత? 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో ల్యాండ్‌ఫిల్ (చెత్త పూడ్చే స్థలం) నదికి 100 మీటర్లు, చెరువుకు 200 మీటర్ల దూరంలో ఉండాలని ఉండేది. జవాబులో అనుమతి కాపీ లేదు. ఆ కాగితమే ప్రజావాణిలో (కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే రోజు) ఇస్తే సర్వేకు వచ్చారు.

అసలు పేచీ కొలత దగ్గర వచ్చింది. ఎండాకాలం, నీళ్లు చెరువు నడిమిదాకా పోయాయి. సర్వే వాళ్లు ఆ నీటి అంచు నుంచే టేపు పట్టబోయారు. మా పెద్దమనుషులు అస్సలు ఒప్పుకోలేదు. ముళ్లకంపల్లో ఉన్న ఎఫ్‌టీఎల్ రాయి (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చెప్పే హద్దు రాయి) చూపించి, అక్కడి నుంచి యార్డు కంచె దాకా కొలిపించారు. 200 మీటర్లు రాలేదు.

కొత్త చెత్త రావడం ఆగింది. పాత కుప్ప మాత్రం అట్లే ఉంది. మొన్నటి వానకు దాని కింది నుంచి నల్లటి నీళ్లు కారి తూము దాకా వచ్చాయి, చేపలు పట్టేవాళ్ల కాళ్లకు ఒకటే దురదలు. నాకు ఇదే బాధ. బయోమైనింగ్‌కు (పాత చెత్తను తవ్వి, వేరుచేసి తీసేయడానికి) టెండర్ పిలుస్తామన్నారు, రాసివ్వమని అడిగాం.

మీ ఊళ్లోనూ ఇదే గొడవైతే, సర్వే కంటే ముందే నీటిపారుదల శాఖ నుంచి ఎఫ్‌టీఎల్ మ్యాపు తెచ్చిపెట్టుకోండి.